జాంబీ ఆటకు ఆర్కైవ్ ఎందుకంటారా?

"సాహిత్యంలో పిహెచ్.డి. చేసి, పాత గేమ్ కన్సోలు విప్పి జాంబీల ఆటలు దాచుకోవడమేమిటి?" అని అడిగేవారిలో మగవాళ్ళకన్నా మన స్త్రీవాద మిత్రులే ఎక్కువ. జవాబు చెప్పక తప్పదు.

2010 ఆగస్టులో కాప్‌కామ్ సంస్థ 'డెడ్ రైజింగ్ 2: కేస్ జీరో'ను ఎక్స్‌బాక్స్ 360కి మాత్రమే విడుదల చేసింది. డిస్కు లేదు, డౌన్‌లోడ్ ఒక్కటే. జాంబీ కరిచిన చిన్నపిల్ల కేటీకి తండ్రి చక్ 24 గంటలకొకసారి మందు వేయాలి. లేకపోతే ఆ పిల్లా జాంబీ అవుతుంది. ఇంతకీ కరిచిందెవరు? కన్నతల్లి! తండ్రి సంరక్షణ వీరగాథ కావాలంటే ముందు తల్లి రాక్షసి కావాలన్నమాట. వేళకు మందు వేయడం ఆడవాళ్ళు చేస్తే ఇంటిపని, మగవాడు చేస్తే సాహసం. దీన్ని నిలదీయాలంటే పాఠం మన చేతిలో ఉండాలి కదా.

ప్రధాన ఆటను 2016లో కొత్త యంత్రాలకు తెచ్చినప్పుడు దీన్ని వదిలేశారు. 2024 జూలై 29న ఎక్స్‌బాక్స్ 360 దుకాణమే మూసేశారు. కొన్నవారి ప్రతి కూడా ఖాతాకూ యంత్రానికీ ముడిపడి ఉంటుంది. ఆ అనుమతి దొరక్కపోతే పూర్తి ఆట కాస్తా నమూనాగా మారిపోతుంది. అందుకే కొందరు ప్రాసెసర్ రీసెట్ తీగకు రెప్పపాటులో వెయ్యోవంతైనా లేని విద్యుత్ తాకిడి ఇచ్చి, సంతకం సరిచూసే లెక్కను తడబరిచి, తాళం తీస్తున్నారు. దొంగతనమంటారా? 'కొనండి' అని బొత్తాం పెట్టి అద్దెకిచ్చినవాళ్ళనేమనాలి?

2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం, అమ్మకంలో లేని ఆటలను గ్రంథాలయాలు దూరాన ఉన్న పరిశోధకులకు చూపడానికి ఒప్పుకోలేదు. వినోదానికి వాడుకుంటారేమోనట! ఈ భయం మనకు కొత్తదా? ముద్దుపళని 'రాధికాసాంత్వనము'ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చువేయిస్తే, 1911లో ప్రభుత్వం నిషేధించింది. అక్కడ నీతి, ఇక్కడ ఆస్తి - కారణాలు వేరే, ఒప్పుకుంటాను. కానీ ప్రతులు దాచినవాళ్ళు లేకపోతే 1947లో ఆ నిషేధం ఎత్తేసి లాభమేమిటి?

ఏ ఆట దాచాలో తేల్చేది కూడా ఎక్కువగా మగ అభిమానులే. మనకు పట్టకపోతే వాళ్ళ ఇష్టాలే రేపటి చరిత్ర. నా దగ్గర 'కేస్ జీరో'తోపాటు 'కేస్ వెస్ట్' కూడా ఉంది. అందులో కథ ఆ మందు తయారుచేసే కంపెనీలోకే వెళ్తుంది. జబ్బు, మందు, లాభం గురించి రాయాలనుకునేవాళ్ళు మా ఇంటికి రండి. కంట్రోలర్లు రెండున్నాయి.