నేల నెఱుఁగక లంగరు వేయరాదు

భద్రాచలము కరకట్టపై నిలిచి గోదావరి వరదను కన్నులార చూచినవారికి నీటి బలమును గూర్చి వేఱుగ చెప్పవలసిన పనిలేదు. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే జారీచేయబడు ఈ రేవున నీటిమట్టము 1986లో 75 అడుగులను, 2022 జూలైలో 71 అడుగులను దాటినది. ఇట్టి ప్రవాహబలమునే సముద్రపు ఆటుపోటుల నుండి గ్రహించి విద్యుత్తుగ మార్చుటకు నేడు పెక్కు దేశములు యత్నించుచున్నవి. మన దేశ తీరమున ఆ శక్తి 12,455 మెగావాట్ల వఱకు ఉండవచ్చుననియు, అందు ప్రధానభాగము ఖంబాత్, కచ్ సింధుశాఖలలోనిదనియు ఒక అంచనా గలదు. అయితే యంత్రమెంత విద్యుత్తు నిచ్చునని అడుగుటకు ముందు, అది ఏ నేలను పట్టుకొని నిలుచునని అడుగుట వివేకము.

ప్రవాహవేగము రెట్టింపైనచో అందలి శక్తి ఎనిమిది రెట్లగును. యంత్రమును ఈడ్చుకొనిపోవు బలము నాలుగు రెట్లగును. శక్తి సమృద్ధిగనున్న చోట్ల వడినీరు ఇసుకను, ఒండ్రును ఊడ్చివేసి, తఱచుగ నగ్నశిలను మాత్రమే మిగుల్చును. ఆ శిలలో నాగలికఱ్ఱువలె నాటుకొనవలసిన లంగరు దిగక జారిపోవును. అందుచే రాతిని తొలిచి ఉక్కుస్తంభములను బిగింపవలెను, లేదా మహాభారమునే నమ్ముకొనవలెను. స్కాట్లండునకు ఉత్తరమున పెంట్లాండ్ జలసంధిలో ఒక్కొక్కటి 1.5 మెగావాట్ల సామర్థ్యము గల నాలుగు యంత్రములను ముక్కాలి ఉక్కుపీఠములపై, పెనుబరువుల ఊతతో నిలిపిరి. నేల ఇసుకయైనచో మఱొక చిక్కు: పీఠము చుట్టును సుడితిరుగు నీరు దాని క్రింది ఇసుకనే కోసివేయును. పైగా సుమారు ఆఱుగంటల కొకమాఱు ప్రవాహము దిశ మార్చుకొనుటచే, తేలు యంత్రమును పట్టియుంచు మోకులు సడలుచు, బిగియుచు, ఱాతి అంచులపై ఒరసికొని అరిగిపోవును.

ఈ సత్యమును గ్రహించుటకు మనము స్కాట్లండు పోనక్కఱలేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో పాపికొండల నడుమ కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ మునిగి అనేకులు అసువులు బాసిరి. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం గారి బృందము లంగరులను, ఇనుపమోకులను నదీగర్భమున జార్చి, లోతుతోను, వడితోను, ఒండ్రుతోను పోరాడి, అక్టోబరు 22న గాని దానిని వెలికితీయజాలకపోయినది. దిగువనున్న పోలవరము ప్రాజెక్టు వద్ద 2020 వరదలు నదీగర్భపు ఇసుకను కోసివేసి, లోతైన గోతులు చేసి, నీరు ఊటగ పోకుండ నేలలోనికి దింపిన డయాఫ్రం గోడను దెబ్బతీసినవి. మహానిర్మాణమునకే ఇట్టి గతి పట్టినపుడు, నీటి నడుమ తేలియాడు యంత్రము మాట చెప్పవలెనా?

కావున ఆటుపోటుల విద్యుత్తునకై ప్రజాధనమును వెచ్చింపదలచిన ప్రభుత్వములు యంత్రమునకు టెండరు పిలుచుటకు పూర్వమే అడుగునేల సర్వేక్షణమునకు ధనము కేటాయింపవలెను. ఏటేటా వరదల తరువాత నేల యెట్లు మాఱినదో కొలిచి, ఆ కొలతలను ప్రజల ముందుంచవలెను. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థయు, మన ఇంజనీరింగు కళాశాలలును కలిసి, ఇసుక కోతను గోదావరియందే అధ్యయనము చేయవచ్చును. ఏ మలుపున సుడి తిరుగునో, ఏ ఒడ్డున నేల నిలుచునో తరతరములుగ ఎఱిగిన కోయ, కొండరెడ్డి పడవవారి అనుభవమునకు ఆ అధ్యయనములో గౌరవస్థానము ఉండవలెను. అడుగునేల నివేదిక లేని ఏ ప్రవాహవిద్యుత్ పథకమునకును అనుమతి ఈయరాదు.