ఫ్రిజ్ తలుపులో సగం సీసా

మా ఫ్రిజ్ తలుపు తీస్తే పై అరలో గుడ్లు, కింద అరలో చింతకాయ తొక్కు, పక్కనే అల్లం వెల్లుల్లి ముద్ద, దాని వెనకాల ఎప్పుడో పిల్లలకి వాడగా మిగిలిన సిరప్పు సీసా ఒకటి ఉండేవి. మీ ఇంట్లోనూ ఉందేమో ఒకసారి చూడండి. ఇవాళ ఆ సీసా గురించే చెప్పాలి. అది నన్ను ఎంత ఏడిపించిందో ముందు చెప్తాను.

మూడేళ్ళ కిందట, మా వాడికి ఆరేళ్ళప్పుడు గొంతునొప్పి, జ్వరం వచ్చాయి. గుటక కూడా పడలేదు. డాక్టరుగారు దూదిపుల్లతో గొంతులోంచి తీసి పరీక్ష చేయించి, ఇది బాక్టీరియా వల్ల వచ్చిందని చెప్పి, అమాక్సిసిలిన్ సిరప్పు రాశారు. పది రోజులు వాడాలి, మూడు సీసాలు కొనాలి. మూడో రోజుకే వీడు సోఫా మీద ఎగురుతున్నాడు. "జ్వరం తగ్గాక ఇంకా మందెందుకే, వేడి చేస్తుంది" అన్నారు మా అత్తయ్య. నిజం చెప్పాలంటే ఆవిడ మాట నాకు ఓ వంక దొరికినట్టయింది. పొద్దున్నే వాణ్ణి పట్టుకుని మందు పొయ్యడం కుస్తీపోటీలా ఉండేది మరి. అయిదో రోజుకి మానేశాను. రెండో సీసాలో సగం పైనే మిగిలింది. డబ్బు పెట్టి కొన్నది, పారెయ్యడానికి చేతులు రాలేదు. ఫ్రిజ్‌లో పెట్టేశాను.

రెండు వారాలు తిరక్కుండానే ఓ ఆదివారం రాత్రి మా చిన్నదానికి జలుబు, ఒళ్ళు కాలే జ్వరం. దానికప్పుడు రెండున్నరేళ్ళు. మావారు ఊళ్ళో లేరు. అన్నకి రాసిన మందే కదా, చిన్నపిల్ల కాబట్టి సగం చెంచా చాలు అనుకుని ఆ సీసాలోది పోసేశాను. రెండు రోజులైనా జ్వరం తగ్గలేదు సరికదా విరేచనాలు మొదలయ్యాయి. అదే రోజు మావాడు "అమ్మా, మళ్ళీ గొంతు నొప్పి" అన్నాడు. ఇద్దర్నీ ఆటోలో వేసుకుని పరిగెత్తాను.

డాక్టరుగారు అరవలేదు. మూడు ప్రశ్నలు అడిగారంతే. ఈ సీసా ఎప్పుడు కలిపారు? పాప బరువెంత? దీనికి ఈ మందు ఎవరు రాశారు? ఒక్కదానికీ నా దగ్గర జవాబు లేదు.

చిన్నదానిది వైరస్ వల్ల వచ్చిన జలుబు. దానికి యాంటీబయాటిక్ ఏ పనీ చెయ్యదు, కడుపులో ఉన్న మంచి బాక్టీరియాని మాత్రం చంపుతుంది. ఇక మావాడి సంగతి విన్నాక నా కాళ్ళు వణికాయి. ఈ రకం గొంతు ఇన్ఫెక్షన్‌ని పూర్తిగా తుడిచిపెట్టకపోతే కొంతమంది పిల్లల్లో కొన్ని వారాల తర్వాత రుమాటిక్ ఫీవర్ రావచ్చట. అది కీళ్ళని వాచేలా చేసి, గుండె కవాటాలని శాశ్వతంగా పాడుచేస్తుందట. జ్వరం మూడు రోజుల్లో తగ్గినా పది రోజులు వాడమనేది అందుకే. స్టెతస్కోపు పెట్టి విని పరవాలేదన్నారు గానీ, మళ్ళీ మొదటినుంచీ పది రోజులు వాడాం. ఆ పది రోజులూ రాత్రుళ్ళు లేచి వాడి గుండె మీద చెయ్యి వేసి చూసుకునేదాన్ని.

అప్పట్నుంచీ నాకో అభిప్రాయం బలపడింది. మనం ఈ తప్పు నిర్లక్ష్యంతో చెయ్యం, పొదుపుతో చేస్తాం. మిగిలిన అన్నం పులిహోర చేస్తాం, పెద్దవాడి చొక్కా చిన్నవాడికి తొడుగుతాం, పాత చీర బొంత కుడతాం. అదే చేత్తో మిగిలిన మందునీ దాస్తాం. అన్నిట్లోనూ మెచ్చుకోవాల్సిన ఆ గుణం ఈ ఒక్క దాంట్లో పనికిరాదు. సగం సీసా మిగిలిందంటే సాధారణంగా పెద్దవాడికి వైద్యం సగంలో ఆగిందని అర్థం. దాన్ని దాచామంటే చిన్నదానికి తప్పు మందు సిద్ధం చేసి పెట్టామని అర్థం.

ఇదేం కొత్త మాట కాదు. పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలోనే ఈ భయం చెప్పాడు. గొంతునొప్పి వచ్చిన ఒకాయన సొంతంగా పెన్సిలిన్ కొనుక్కుని చాలీచాలకుండా వాడి, చావని సూక్ష్మక్రిములకి మందుని తట్టుకోవడం నేర్పి, వాటిని భార్యకి అంటించడం అనే ఉదాహరణ ఇచ్చాడు. చదివినప్పుడు నా గురించే చెప్పినట్టు అనిపించింది.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి మారింది. ఎంత మోతాదో నేను చెప్పను, మీరూ ఎవరినీ అడక్కండి. అది పిల్లల బరువునీ జబ్బునీ బట్టి డాక్టరే చెప్పాలి. పైగా ఒకే మందు 5 మిల్లీలీటర్లకి 125 మిల్లీగ్రాములు, 250 మిల్లీగ్రాములు అని వేరువేరు బలాల్లో వస్తుంది. ఒకే చెంచా మందు ఒక సీసాలోంచి పోస్తే ఇంకో సీసాకి రెట్టింపవుతుంది. అందుకే కొన్నప్పుడు చీటీలో రాసిందీ సీసా మీద ఉన్నదీ ఒకటేనా అని చూసుకుంటాను.

పొడిగా వచ్చే సీసా అయితే కాచి చల్లార్చిన నీళ్ళు సరిగ్గా గీత దాకా పోసి బాగా కుదుపుతాను. నురగ తగ్గాక మళ్ళీ గీత చూసుకుంటాను. కలిపిన తేదీ సీసా మీద పెన్నుతో రాస్తాను. కలిపాక చాలా సిరప్పులు ఏడు రోజులకి మించి పనికిరావు. పది రోజులు వాడాల్సి వస్తే రెండో సీసాని మొదటిది అయ్యాకే కలపాలి. కొన్ని ఫ్రిజ్‌లో పెట్టాలి, కొన్ని పెట్టకూడదు, అదీ సీసా మీదే ఉంటుంది. పోసే ప్రతిసారీ కుదపాలి, లేకపోతే మందంతా అడుగున ఉండి పైన తియ్యటి నీళ్ళే వస్తాయి.

వంటింటి చెంచాలతో కొలవడం మానేశాను. ఒక్కో ఇంటి చెంచా ఒక్కో సైజు. గీతలున్న సూది లేని సిరంజి మెడికల్ షాపులోనే దొరుకుతుంది. మన పెద్దవాళ్ళు కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, ముక్కు మూసి, ఉగ్గుగిన్నెతో పోసేవారు. అలా చేస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని బుగ్గ పక్కగా కొంచెం కొంచెం వదలాలి. గ్లాసుడు పాలల్లో కలిపితే సగం తాగి వదిలేస్తారు, అప్పుడు సగం మందే లోపలికి వెళ్తుంది. వెంటనే కక్కేస్తే మళ్ళీ పొయ్యకుండా డాక్టరుకి ఫోన్ చేసి అడుగుతాను. విరేచనాలైతే ఓఆర్‌ఎస్ పట్టిస్తూ డాక్టరుకి చెప్తాను. దద్దుర్లు వచ్చినా, పెదాలు వాచినా, ఆయాసం వచ్చినా మందు ఆపి ఆస్పత్రికి పరిగెత్తాల్సిందే.

మిగిలింది మాత్రం దాచను. వాడేసిన టీ పొడిలో కలిపి, కవర్లో మూట కట్టి చెత్తలో వేస్తాను.

ఇంతా చెప్పి, తప్పంతా అమ్మలదే అంటే నేనొప్పుకోను. అర్ధరాత్రి జ్వరంతో కాలిపోయే పిల్లని ఎత్తుకుని ఒంటరిగా ఉన్నవాళ్ళకి తెలుస్తుంది ఆ బాధ. డాక్టరు ఫీజు, ఆటో ఖర్చు, పనికి పోయేవాళ్ళకి ఆ రోజు కూలీ, ఇవన్నీ లెక్కేసుకుంటే ఫ్రిజ్‌లో సీసా దేవుడిలా కనపడుతుంది. చాలా యాంటీబయాటిక్స్ సీసాల మీదా అట్టల మీదా నిలువుగా ఎర్ర గీత ఉంటుంది. చీటీ లేకుండా అమ్మకూడదని దానర్థం. 2014 నుంచి కొన్నింటికి షెడ్యూల్ హెచ్1 అని ఇంకా గట్టి నిబంధన ఉంది, కొన్నవాళ్ళ పేరు, చీటీ రాసిన డాక్టరు పేరు రిజిస్టర్లో రాయాలి. అయినా "పిల్లాడికి జ్వరం" అంటే చాలు, చేతిలో పెట్టే షాపులు ఎన్ని లేవు? డాక్టర్లు కూడా పది రోజులని రాసి ఊరుకోకుండా ఎందుకు పది రోజులో ఒక్క మాట చెప్పాలి. నాకా మాట మొదటిసారే చెప్పి ఉంటే నేను అయిదో రోజున ఆపేదాన్ని కాదు. చెప్పకపోతే మనమే అడగాలి. ఎన్ని రోజులు, ఎందుకన్ని రోజులు, నిజంగా యాంటీబయాటిక్ కావాలా అని అడిగితే మంచి డాక్టరెవరూ విసుక్కోరు.

మొన్న వానల్లో చిన్నదానికి చెవిపోటు వచ్చి మళ్ళీ సిరప్పు రాశారు. నాలుగో రోజుకి నొప్పి పోయింది. నేను వంటింట్లో ఉండగా హాల్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది. "ఇంకా మూడు రోజులుందే తల్లీ, నోరు తెరువు." గోడ మీద క్యాలెండర్లో పూట పూటకీ టిక్కు పెడుతున్నది కూడా ఆవిడే.