మూగప్రాణి మరణం – మన మౌనం

ఇంట ఒక మనిషి కన్నుమూస్తే పరామర్శకు వచ్చేవారికి కొదువ ఉండదు. మూడు దినాలవరకు ఆ ఇంట పొయ్యి వెలిగించనీయక ఇరుగుపొరుగువారు భోజనం పంపుతారు. దూరపు చుట్టం కూడ రైలెక్కి వస్తాడు. అదే ఇంట పదమూడేండ్లు పెరిగిన పిల్లి చనిపోతే వచ్చేవారు ఉండరు సరికదా, ఏడ్చినవారిని చూచి నవ్వేవారు ఉంటారు. "పిల్లికోసం ఇంత రాద్ధాంతమా? ఇంకొకటి తెచ్చుకోండి" అని సలహా. చొక్కా చినిగినప్పుడు చెప్పవలసిన మాట అది. ఆ మాట అనేవారు కఠినాత్ములని మేము అనము. ఆ దుఃఖాన్ని పలుకరించే మర్యాద ఒకటి మన సంఘంలో ఏర్పడలేదు, అంతే.

మన వాఙ్మయం మాత్రం ఈ విషయంలో ఇంత మూగది కాదు. బోయవాని బాణానికి క్రౌంచపక్షి కూలినప్పటి శోకమే ఆదికావ్యానికి మూలమని తరగతిలో ప్రతి ఏడు చెప్పుకొంటాము. తిక్కన సోమయాజి తెనిగించిన పర్వాలలో మహాప్రస్థానిక పర్వం ఒకటి. ద్రౌపదియు, తమ్ములు నలువురును ఒకరి వెంట ఒకరు నేలకొరిగినా ఆగక నడచిన ధర్మరాజు, ఇంద్రుని రథం ఎదుట నిలిచి, తనను నమ్మి వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రాననినాడు. పరీక్షలలో ఈ ఘట్టానికి మంచి మార్కులే వస్తాయి. ఆ కుక్క చివరకు ధర్మదేవతగా ప్రత్యక్షమైనది కనుక కథ సుఖాంతమైనది. మన ఇండ్లలోని కుక్క కుక్కగానే ఉంటుంది, కుక్కగానే పోతుంది. ఆ లెక్కన మన పరీక్ష ధర్మరాజు పరీక్షకంటె కొంచెం కఠినమైనదే.

ఇస్లామీయ సంప్రదాయంలో ఇంతకంటె మృదువైన ఘట్టం ఒకటి ఉన్నది. దీనిని మన విద్యార్థులు చిన్ననాడు మదరసాలో వినియే ఉంటారు. అనస్ అనే సహచరునికి అబూ ఉమైర్ అనే చిన్న తమ్ముడు. ఆ బాలుడు నుగైర్ అనే చిన్న పిట్టను పెంచుకొని ఆడుకొనేవాడు. పిట్ట చనిపోయినది. ఆ ఇంటికి వచ్చిన ప్రవక్త, బాలుని ముఖం చిన్నబోయి ఉండుట చూచి, కారణం తెలుసుకొని, అతని పేరును పిట్ట పేరును ప్రాసగా కలిపి, పిట్ట ఏమైనదని లాలనగా అడిగినారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెంటిలోను ఈ ఉదంతం ఉన్నది. పండితులు దీనినుండి ఎన్నో ధర్మసూక్ష్మాలు తీసినారు. మాకు కనబడేది ఒక్కటే. అంతటి బాధ్యతలున్న వ్యక్తి ఒక పసివాని పిట్టను పేరు పెట్టి అడిగినారు. పిట్టే కదా అనలేదు. పిల్లిపిల్లను వెంట తిప్పుకొన్నందుకే అబూ హురైరా అని పేరు పొందిన సహచరుని సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

మరణానికి ముందు వ్యాధి వస్తుంది. అక్కడ కన్నీటికంటె తెలివి ఎక్కువ అవసరం. పిల్లి తన బాధను దాచుకొంటుంది. మంచం క్రింద, బియ్యపు బస్తాల వెనుక ముడుచుకొని కూర్చుంటుంది. తిండి మానిన రెండవనాటికే వైద్యునికి చూపాలి. ముసలి పిల్లి గిన్నెలకు గిన్నెలు నీళ్లు త్రాగుతూ, మాటిమాటికి మూత్రం పోస్తూ, దినదినం చిక్కిపోతుంటే మూత్రపిండాలు చెడుతున్నవేమోనని అనుమానించాలి. మన ఇండ్లలో తరచు జరిగే ప్రమాదం ఇంకొకటి. ఒళ్లు వేడిగా ఉన్నదని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ బిళ్లను పాలలో కలిపి పోస్తారు. పిల్లి శరీరానికి ఆ మందును విరిచి బయటకు పంపే శక్తి లేదు. ఒక్క బిళ్ల చాలు, ప్రాణం పోతుంది. ప్రేమతో పోసిన మందే అది. ఈ వ్యాసంలో మరేదియు గుర్తుంచుకోకున్నా ఈ సంగతి ఇంటికి పోయి చెప్పవలసినదిగా విద్యార్థులను కోరుతున్నాము.

కుక్కపిల్లలను వాంతులతో, రక్త విరేచనాలతో కొద్ది దినాలలో ముంచివేసే పార్వో వ్యాధి 1978 ప్రాంతంలో ప్రపంచమంతటా బయటపడినది. దానికి టీకా ఉన్నది. పిచ్చి లక్షణాలు పైకి కనబడిన కుక్కను బ్రతికించే వైద్యం లేదు. దానికీ టీకా ఉన్నది, క్రమం తప్పక వేయించాలి. పెరటి కోళ్లను ఒక్క వారంలో ఊడ్చివేసే కొక్కెర తెగులుకు రాణీఖేత్ అని కూడ పేరు. ఆ పేరు కుమావూఁ కొండలలోని ఊరిది. కోడిపిల్లలకు మొదటి వారంలోనే చుక్కల మందు వేయిస్తే చాలవరకు నిలుస్తాయి. మన నాయనమ్మలు తెల్లవారి గంప ఎత్తి చూచి నిశ్శబ్దంగా కూర్చుండిపోయిన ఉదయాలకు కారణం చాలసార్లు ఈ తెగులే. ఆమె దుఃఖాన్ని గ్రుడ్ల డబ్బు పోయినదన్న దుఃఖంగా మాత్రమే లెక్కకట్టినాము. ఆ కోళ్లకు ఆమె పేర్లు పెట్టుకొన్నదని ఎవరు అడిగినారు?

డబ్బు సంగతి కూడ చెప్పవలసియున్నది. మన విద్యార్థులలో అనేకుల ఇండ్లలో తల్లి చక్కెర వ్యాధి మందుకే నెలాఖరున వెతుకులాట. అట్టి ఇంట పిల్లికి వేల రూపాయల వైద్యం చేయించలేదని ఎవరును తలవంచుకోనక్కరలేదు. నీడనిచ్చి, నీళ్లు పెట్టి, శుభ్రంగా ఉంచి, దగ్గర కూర్చుంటే అదియు సేవయే. హైదరాబాదులో నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉన్నది, రాజేంద్రనగరులో పశువైద్య కళాశాల ఉన్నది. పల్లెలలో మేకలకు, పశువులకు 1962 నంబరుకు ఫోను చేస్తే వైద్య వాహనం వస్తుంది. తెలంగాణలో ఈ ఏర్పాటు 2017లో మొదలైనది.

ఇక వైద్యానికి లొంగని బాధ వచ్చినప్పుడు సూదిమందుతో ప్రాణం విడిపించడమా, సహజంగా పోనిచ్చుటయా అన్న ప్రశ్న వస్తుంది. దీనిపై ధర్మవేత్తలలోనే భిన్నాభిప్రాయాలున్నవి, తీర్పు చెప్పుటకు మేము పూనుకోము. నిర్ణయం ఏదైనను, ఆ ఘడియలో ఇంటివారొకరు దాని తలపై చేయి వేసి ఉండడం అవసరమని మాత్రం గట్టిగా చెబుతాము. వైద్యుని చేతిలో పెట్టి వీధిలో నిలబడడం మాకు నచ్చదు. తరువాత చెత్తకుండీలో వేయడం అసలే తగదు. బావికి దూరంగా మూడడుగుల లోతు త్రవ్వి పూడ్చాలి. అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి పిడికెడు మట్టి కూడ లేదు. అట్టివారికై హైదరాబాదులో నాగోలు సమీపాన ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఏర్పడినది.

పిల్లలకు ఏమి చెప్పాలి? "ఎక్కడికో పోయింది, వస్తుంది" అని చెప్పే పెద్దలు చాలమంది ఉన్నారు. ఆ పసివాడు నెలల తరబడి గుమ్మంలో గిన్నె పెట్టి ఎదురుచూస్తాడు. చనిపోయినదని చెప్పాలి, మట్టి వేయుటకు అతనిని కూడ పిలవాలి. మరునాడే కొత్త పిల్లను తెచ్చి ఒడిలో పెట్టడం కూడ తొందరపాటే. అన్నట్లు, చిలుక పోయినదని మరొక రామచిలుకను కొనితెచ్చేవారు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరమని తెలుసుకోవాలి.

బక్రీదు మేక మాట ఎత్తకుండ పోతే మా ఇండ్ల విషయంలో నిజాయితీ ఉండదు. పండుగకు కొన్ని వారాల ముందే మేక వస్తుంది. పిల్లలు ఆకులు మేపుతారు, మెడకు గజ్జె కడతారు, పేరు పెడతారు. పండుగనాడు ఒక మూల కూర్చుండి ఏడుస్తారు. ఆ ఏడ్పును విశ్వాసలోపమని కసరుకొనే పెద్దలతో మేము ఏకీభవించము. ప్రియమైనదానిని అర్పించుటే ఖుర్బానీ అయినప్పుడు, ఆ ప్రియం ఎంతటిదో ఆ ఇంట అందరికంటె బాగుగా తెలిసినవాడు ఆ పిల్లవాడే. మేక వచ్చిన మొదటినాడే దానిని ఎందుకు తెచ్చినామో చెప్పాలి. ఆనాడు ఏడిస్తే దగ్గరకు తీసుకోవాలి.

ఇంత వ్రాయుటకు కారణమైన సంగతి ఒకటి. ఒక కళాశాలలో, పేరు అనవసరం, ఒక విద్యార్థి "మా పిల్లి మరణించినందున ఒక దినం సెలవు దయచేయ ప్రార్థన" అని చీటీ వ్రాసినాడు. ఆ చీటీ అధ్యాపకుల గదిలో చేతులు మారినది, నవ్వులు పూచినవి, సెలవు దొరకలేదు. మరునాడు అతడు కడుపునొప్పి అని వ్రాసినాడు. వెంటనే సంతకమైనది. నిజం వ్రాసిన చీటీ చెల్లక, అబద్ధం వ్రాసిన చీటీ చెల్లినది. ఆ విద్యార్థి ఆ రెండు దినాలలో నేర్చుకొన్న పాఠం ఏ పాఠ్యప్రణాళికలోను లేదు.

మన కళాశాల కమిటీవారికి రెండు మనవులు. అట్టి చీటీ వస్తే చదివి, నవ్వక, ఒక దినం సెలవు ఇవ్వాలి. హాజరు లెక్కకు దానివలన వచ్చే లోటు ఏమంత లేదు. రెండవది, ఏడాదికొకసారి రాజేంద్రనగరు నుండి ఒక పశువైద్యుని పిలిపించి, పిల్లులు, కోళ్లు, మేకలు, పావురాల వ్యాధులను గూర్చి ఒక గంట మాట్లాడించాలి. మిద్దెలపై పావురాలు పెంచే విద్యార్థులు మన తరగతులలోనే డజనుకు తక్కువ లేరు. వైద్యుడు తెలుగులో చెబితే ఉర్దూలో వివరించుటకు ఉర్దూ శాఖలోని మిత్రులు ఒప్పుకొన్నారు. కావలసినది ఒక తేదీ, ఒక గది.