తలగాయం మందులకు గడువు రాయాలి!



బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలి, చావు తప్పించుకుని ఇంటికొచ్చిన మనిషి చేతిలో డిశ్చార్జి చీటీ ఉంటుంది. అందులో నాలుగైదు మందుల పేర్లు, పక్కన 1-0-1, చివర ‘కంటిన్యూ’. ఏది దేనికో, ఎన్నాళ్లు మింగాలో ఉండదు. మందుల షాపువాళ్లు ఆ చీటీ చూసే ఇస్తుంటారు. ఇంట్లోవాళ్లు అప్పు చేసి కొంటుంటారు.

తలగాయం నుంచి కోలుకోవడానికి కొన్ని మందులు సాయపడతాయి. పార్కిన్సన్స్ జబ్బుకు వాడే పాత మాత్ర అమాంటాడిన్‌నే తీసుకోండి. స్పృహ సరిగా రాని 184 మందిపై జరిపిన పరీక్షలో, దీన్ని నాలుగు వారాలు వాడినవాళ్లు ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లకంటే త్వరగా తేరుకున్నారని 2012లో తేలింది. అదే ఏడాది 1,213 మందిపై జరిపిన మరో పరీక్షలో సిటికోలిన్ అనే మందు వల్ల ప్రయోజనం కనిపించలేదు. అయినా మన చీటీల్లో అది ఇప్పటికీ కనిపిస్తూనే ఉంది.

ఫిట్స్ మందు ఫెనిటాయిన్ సంగతి మరీ ముఖ్యం. దెబ్బ తగిలిన తొలి వారంలో వచ్చే ఫిట్స్‌ను ఇది తగ్గిస్తుంది. ఆ తర్వాత వచ్చేవాటిని ఆపలేదని 1990లోనే తెలిసింది. ఫిట్స్ అసలు రానివారికి ముందుజాగ్రత్తగా ఇచ్చే ఈ మందు సాధారణంగా ఏడు రోజులు చాలు. నెలల తరబడి మింగితే మగత, తూలుడు, చిగుళ్ల వాపు రావచ్చు. ఇంట్లోవాళ్లు ఆ మగతను కూడా దెబ్బ ఖాతాలోనే వేస్తారు. ఫిజియోథెరపీకి కూర్చోబెడితే మనిషి కునుకుతుంటాడు. కోలుకోవాల్సిన రోజులు అలా వృథా అవుతాయి.

అందుకే మా డిమాండ్లు:

1. డిశ్చార్జి చీటీలో ప్రతి మందు పక్కన అది దేనికో, ఎప్పుడు ఆపాలో తెలుగులో రాయాలి.

2. నెలలోపు మందులన్నీ మళ్లీ పరిశీలించే తేదీ ముందే ఇవ్వాలి. అవసరం తీరినవి ఆ రోజు కొట్టేయాలి.

3. స్పృహ పూర్తిగా రానివారికి అమాంటాడిన్ తగునో లేదో నిపుణులు పరిశీలించాలి.

4. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ కింద వైద్యం చేసే ఆస్పత్రులన్నిటికీ ఈ పద్ధతి తప్పనిసరి చేయాలి.

రద్దీలో ఇంత తీరిక ఎక్కడిదని డాక్టర్లు అనవచ్చు. ‘కంటిన్యూ’ అని రాసే చోట ఒక తేదీ వేయడానికి ఎంతసేపు పడుతుంది?

బాధితుల కుటుంబాలకు ఒక్క మాట. ఈ కరపత్రం చదివి మందులు మీ అంతట మీరు ఆపేయకండి. ఫిట్స్ వచ్చినవారికి మాత్రలు చాలాకాలం అవసరం కావచ్చు. ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు. చీటీ పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. ‘ఇది దేనికి? ఎన్నాళ్లు?’ అని ప్రతి మందు గురించీ అడగండి. జవాబు చీటీ మీద రాయించుకున్నాకే బయటకు రండి.