విగ్రహదానము - ప్రతిగ్రహధర్మము

దానమునకు రెండంగములు గలవని మన ధర్మశాస్త్రకారులు చెప్పిరి. ఇచ్చుట యొకటి, పుచ్చుకొనుట రెండవది. ఇచ్చువాని పుణ్యమును మనమెల్లరము కొనియాడుదుము. పుచ్చుకొనువాని బాధ్యతను మాత్రము మరచుచుందుము. అయోగ్యమైన ప్రతిగ్రహము గ్రహీతనే బాధించునని పూర్వులు హెచ్చరించిరి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టముకూడ గ్రహీత అంగీకరించిననేగాని దానము సిద్ధింపదని నిర్ణయించినది. కావున పుచ్చుకొనుట యనునది చేయి చాచుట మాత్రము గాదు. ఆలోచించి చేయవలసిన కార్యము.

ఈ ధర్మమును ఇప్పుడు స్మరించుటకు కారణము గలదు. నల్లగొండ, మహబూబునగరము మొదలగు మన మెట్టనాటి పట్టణములు దినదినము పెరుగుచున్నవి. కూడళ్లను, ఉద్యానములను, చెరువుకట్టలను శిల్పములతో నలంకరింపవలెనను కోరిక పురపాలకులకు గలుగుచున్నది. కలిగినవారు తల్లిదండ్రుల పేరను, సంఘములవారు తమ నాయకుల పేరను, శిల్పులు తమ కళాభిమానముచేతను విగ్రహము లిచ్చుటకు ముందుకు వచ్చుచున్నారు. ఇది శుభలక్షణమే. కళ కోటగోడలలోను, ధనికుల మేడలలోను బందీయై యుండక వీధిలోనికి వచ్చుట ప్రజాస్వామ్యమునకు తగిన సంగతి. అయితే వచ్చినదానినెల్ల, వచ్చినచోటనెల్ల నిలుపుట పట్టణమున కలంకారమగునా, భారమగునా యను ప్రశ్నను ఎవ్వరో యొకరు అడుగక తప్పదు.

యోగ్యమైన దాన మెట్లుండునో చూడగోరువారు దూరము పోనక్కరలేదు. నాగార్జునసాగరమున 274 ఎకరములలో నిర్మితమై 2022 మే 14వ తేదీన ప్రారంభమైన బుద్ధవనమును దర్శించిన చాలును. అచ్చట శ్రీలంక ప్రభుత్వము బహూకరించిన 27 అడుగుల బుద్ధవిగ్రహము నిలిచియున్నది. శ్రీలంకలోని అవుకనయందు కొండరాతిని మలచి నిలిపిన 40 అడుగులకు పైబడిన ప్రాచీనమూర్తికి ఇది ప్రతిరూపము. పరదేశపు విగ్రహమైనను అది ఆ చోట పరాయిదిగా దోపదు. ఏల? క్రీస్తుశకము 3వ శతాబ్దమున ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి ఈ కృష్ణాతీరమునందే యుండెను. అచ్చట సింహళ భిక్షువులు నివసించిరి. వారి కొఱకు బోధిసిరి యను ఉపాసిక చైత్యగృహమును కట్టించి యిచ్చెను. ఆనాడు మన ఆడుబిడ్డ చేసిన దానమునకు సుమారు 1700 ఏండ్ల పిదప ఆ ద్వీపము ప్రతిదానము చేసినట్లున్నది. ఇచ్చిన వస్తువునకును, నిలిపిన స్థలమునకును, చూచు జనమునకును సంబంధము గలదు. దేశ కాల పాత్రములు కుదిరిన దానమనగా నిదియే. పైగా దానికి విశాలమైన ఆవరణము, దానిని కనిపెట్టి చూచు సంస్థయు ముందుగనే యేర్పడియున్నవి.

ఆ బోధిసిరి శాసనమే మనకు మఱియొక పాఠము చెప్పుచున్నది. వీరపురుషదత్తుని 14వ రాజ్యసంవత్సరమున వేయించిన ఆ శాసనమునందు దాత తన పేరు, తన బంధువర్గము, దానముయొక్క ఉద్దేశము చెప్పుకొనినది, అంతటితో నిలువలేదు. పనిని పర్యవేక్షించిన స్థవిరుల పేళ్లను, రాతిపని చేసిన విధికుని పేరునుగూడ చెక్కించినది. నేటి మన శిలాఫలకములను చూడుడు. ఆవిష్కర్త పేరు పెద్ద అక్షరములతో నుండును. దాత పేరు దాని క్రింద నుండును. అధ్యక్షత వహించినవారు, విశిష్టాతిథులు, వారి బిరుదములు వరుసగా నుండును. ఉలి పట్టినవాని పేరు మాత్రము మచ్చునకైనను కానరాదు. 1700 ఏండ్లనాటి ఒక స్త్రీకి గల మర్యాద మన పురమందిరములకు లేకపోవుట సిగ్గుచేటు.

అయోగ్యమైన దానమునకును మన చరిత్రలో నిదర్శనములు గలవు. 1887లో విశాఖపట్టణపు జమీందారు గోడే నారాయణ గజపతిరావుగారు చెన్నపట్టణమునకు విక్టోరియారాణి విగ్రహమును బహూకరించిరి. శిల్పి బోహెమ్ ప్రసిద్ధుడే. లోహపుపనికి వంక పెట్టనక్కరలేదు. కాని ఆ దానముయొక్క ముఖము ప్రజలవైపున లేదు, ప్రభువులవైపున నుండెను. ఏ విగ్రహము కావలెనని చెన్నపురి ప్రజల నెవ్వరును అడుగలేదు. అదే నగరమున 1857 నాటి సంగ్రామమును క్రూరముగా నణచిన నీల్ సేనాని విగ్రహముకూడ రాజమార్గమున నిలిచియుండెను. దానిని తొలగింపవలెనని 1927లో దేశభక్తులు సత్యాగ్రహము చేసి చెరసాలలకు పోయిరి. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చినపిదపగాని అది వీధినుండి కదలి వస్తుప్రదర్శనశాలకు చేరలేదు. నిలుపుటకు ఒక పూట చాలును. తొలగించుటకు ఒక తరము పట్టును. ఇది మరువరాని సంగతి.

స్వరాజ్యము వచ్చినంతమాత్రమున ఈ దోషము తొలగిపోలేదు. హైదరాబాదునందు హుస్సేనుసాగరపు కట్టపై 1980 దశకమున తెలుగు మహనీయుల విగ్రహములు వరుసగా నిలుపబడినవి. ఆ మహనీయులలో ననర్హు లెవ్వరును లేరు. కాని ఆ వరుసలో తమ ప్రాంతపు పెద్దలకు తగిన స్థానము దొరకలేదను బాధ తెలంగాణ జనుల హృదయములలో నిలిచిపోయినది. 2011 మార్చి 10వ తేదీన ఉద్యమావేశమున వానిలో పెక్కు విగ్రహములు పెకలింపబడి నీటిపాలైనవి. కవులను, వాగ్గేయకారులను నీటిలో ద్రోయుట మెచ్చదగిన పని గాదు. అయినను ఆ సంఘటన చెప్పిన నీతిని గ్రహింపకపోవుట అంతకంటె పెద్ద తప్పు. ప్రజలు కూర్చుండి ఎన్నుకొనిన విగ్రహమునకు ప్రజలే కావలి. ప్రజల నడుగక నిలిపిన విగ్రహమునకు పోలీసు కావలియైనను చాలదు.

ఇక ఖర్చు సంగతి. ఉచితముగా వచ్చిన వస్తువునకు ఖర్చేమున్నదని కొందరనుకొందురు. ఫ్రాన్సు ప్రజలు అమెరికా ప్రజలకు స్వాతంత్ర్యదేవతా ప్రతిమను కానుకగా నిచ్చిరి. 1885లో అది ముక్కలుగా పెట్టెలలో న్యూయార్కు రేవున దిగినది. దానిని నిలువబెట్టుటకు పీఠము లేదు. పీఠమునకు డబ్బు లేదు. అప్పుడు పులిట్జరు తన పత్రికలో పిలుపునిచ్చి, చందా యిచ్చిన ప్రతివాని పేరును ప్రకటించెదనని మాట యిచ్చెను. లక్షమందికి పైగా సామాన్యులు, పెక్కుమంది ఒక్క డాలరుకంటె తక్కువ యిచ్చి, లక్ష డాలర్లకు పైగా సమకూర్చిరి. 1886 అక్టోబరు 28న ప్రతిమ ఆవిష్కృతమైనది. ధనవంతులు వెనుదీసినచోట బీదవాని బేడయు, అర్ధణాయు పీఠమైనవి. కానుక పెద్దదైనకొలది దాని పీఠపు భారముకూడ పెద్దదే యగునని ఈ కథ చెప్పుచున్నది.

ఆ ప్రతిమను చూచియే హైదరాబాదున బుద్ధవిగ్రహమును నిలుపవలెనను తలంపు ఎన్.టి. రామారావుగారికి గలిగినదని ప్రసిద్ధి. ఆ 58 అడుగుల ఏకశిలామూర్తికి రాతి నిచ్చినది మన భువనగిరి దగ్గరి రాయగిరి. 1990 మార్చి 10వ తేదీన దానిని సాగరమధ్యమునకు చేర్చునప్పుడు పడవ ఒరిగి విగ్రహము నీట మునిగెను. పలువురు ప్రాణములు గోల్పోయిరి. 1992 డిసెంబరున గాని అది పీఠమెక్కలేదు. రాతిని మలచుట శిల్పి పని; దానిని మోయుట, నిలుపుట, కాపాడుట ఇంజనీరు పని, పాలకుని పని. ఈ రెండవ పనికి వెల కట్టకుండ మొదటిదాని నంగీకరింపరాదు.

మన ప్రాచీనులు ఈ సూక్ష్మము నెఱిగియుండిరి. ఆలయశాసనములను చదివినవారికి తెలియును: విగ్రహమును మాత్ర మిచ్చి యింటికి పోయిన దాత అరుదు. అఖండదీపమునకు ఆవులు, నైవేద్యమునకు భూమి, ఆలయపు మరమ్మతులకు ఆదాయము ఏర్పరచిన పిదపగాని తన దానము పూర్తియైనదని అతడు తలంపలేదు. నేటి దాత ఆవిష్కరణోత్సవముతో ఋణము తీరినదనుకొనును. ఆపిదప విగ్రహపు గతి యేమి? జయంతినాడు నిచ్చెన వేయుదురు, పూలదండ వేయుదురు. ఆ దండ వాడి, యెండి, మరుసటి జయంతివరకు మెడలోనే వ్రేలాడును. పక్షుల రెట్టలు, ఊడిపోయిన రంగు, పగిలిన సిమెంటు వ్రేళ్లు, పీఠముమీద గోడపత్రికలు: ఇవి మనము మన పెద్దలకు చేయుచున్న మర్యాదలు. బ్రతికియున్నప్పుడు ఎవ్వరి నైనను ఇట్లు ఎండలో నిలబెట్టి మరచిపోవుదుమా?

చట్టము కూడ ఈ విషయమున మౌనముగా లేదు. 2013 జనవరి 18వ తేదీన సుప్రీముకోర్టు, ప్రజల రహదారులయందును, కాలిబాటలయందును, ఇతర ప్రజోపయోగ స్థలములయందును విగ్రహములు నిలుపుటకు రాష్ట్ర ప్రభుత్వములు అనుమతి యీయరాదని ఆదేశించినది. అయినను నాలుగు దారులు కలియుచోటనే తన దానము నిలువవలెనని ప్రతి దాతయు కోరును. బండ్లు తిరుగుటకు చోటు లేనిచోట విగ్రహమును నిలుపుట దానముగాదు, దారికి అడ్డు.

కావున పురపాలకులు తమ చేతిలోనికి వచ్చు ప్రతి దానమునకును కొన్ని నియమములు ముందుగనే వ్రాసి పెట్టుకొనవలెను. మనిషిని చూచి నియమము పుట్టించుట పక్షపాతము. నియమమును పెట్టుకొని మనిషిని చూచుట పాలనము.

మొదటిది, నిర్ణయము ఒక అధ్యక్షుని గదిలోగాక ఒక సంఘమున జరుగవలెను. అందులో శిల్పి, ఇంజనీరు, చరిత్ర తెలిసినవాడు, ఆ వాడ పౌరులు ఉండవలెను. నమూనాను నెలదినములు పురమందిరమున ప్రదర్శించి జనాభిప్రాయము వినవలెను. రెండవది, శిల్పమును దాత ఎన్నుకొనవచ్చును. స్థలమును పట్టణమే ఎన్నుకొనవలెను. చెట్లు నరికి పీఠము కట్టరాదు. మూడవది, విగ్రహపు వెలలో కొంత భాగము పోషణనిధిగా బ్యాంకున నుంచవలెను. దాత బీదశిల్పియైనచో ఆ నిధిని ప్రజలు చందాలతో సమకూర్చవలెను. డబ్బు లేదని మంచి శిల్పమును త్రోసిపుచ్చరాదు. నాలుగవది, దానపత్రము స్పష్టముగా నుండవలెను. విగ్రహమును వేరుచోటికి తరలించు హక్కు పట్టణమునకు గలదని అందు వ్రాయవలెను. అట్లని ఇష్టము వచ్చినట్లు పగులగొట్టు హక్కు మాత్రము లేదు. అమరనాథ్ సెహగల్ అను శిల్పి ఢిల్లీ విజ్ఞానభవనమునకై చేసిన కంచు కుడ్యశిల్పమును 1979లో ఊడబెరికి మూల బడవేయగా, శిల్పికి తన కృతిపై నైతికహక్కు గలదని ఢిల్లీ హైకోర్టు 2005లో తీర్పు చెప్పి నష్టపరిహార మిప్పించినది. ఐదవది, ఫలకముపై శిల్పి పేరు, సంవత్సరము, దాత పేరు సమానాక్షరములతో నుండవలెను. ఆవిష్కర్త పేరు లేకున్నను లోకమునకు నష్టము లేదు.

“దానమిచ్చిన ఆవుకు పళ్లు పట్టి చూతురా?” యని ఇందు కొందరు మమ్ము నడుగవచ్చును. చూడవలెననియే మా సమాధానము. ఆవును తోలుకొనిపోయినవాడు దానికి గడ్డి వేయవలెను, కుడితి పెట్టవలెను, కొట్టము వేయవలెను. నీరు త్రాగి గడ్డి మేసి పాలు వట్టిపోయిన గోవులను దానమిచ్చుచున్న తండ్రిని చూచి నచికేతుడు కలతపడెనని కఠోపనిషత్తు చెప్పుచున్నది. అట్టి దానము దాతకును ఆనందలోకముల నీయదని ఆ బాలునకు తోచినది. బాలునకు తోచినది పాలకులకు తోపకపోవుట యెట్లు? మర్యాదతో వలదనుటయు ఒక గౌరవమే. దాతకు ఒక బడిగదిని, గ్రంథాలయపు అలమరను, ఒక బావిని చూపి, ‘అయ్యా, మీ తండ్రిగారి పేరు ఇచ్చట నిలుపుడు’ అనిన నొచ్చుకొను పెద్దమనిషి మన సీమలో ఉండడని మా విశ్వాసము.

చివరగా మన భూస్వాములకు ఒక విన్నపము. క్రొత్త విగ్రహములను తెచ్చుటకు ముందు దాతలు లేని పాత విగ్రహములవైపు ఒకమారు చూడుడు. శ్రీశైలము జలాశయమున మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి అలంపురమునకు తరలించిరి. మహబూబునగరపు పిల్లలమఱ్ఱి చెంతను ముంపు పల్లెనుండి తరలించిన ఆలయము, వస్తుప్రదర్శనశాలయు గలవు. అవి ఊళ్లు గోల్పోయిన జనులు మనకు విడిచిపోయిన ఆస్తి. ఆ మఱ్ఱిచెట్టునకే చెదలు పట్టి 2017లో కొమ్మ విరిగిపడిన పిదపగాని చికిత్స ప్రారంభము గాలేదు. పానగల్లులో కందూరు చోడులనాటి శిల్పసంపద గలదు. మన పొలముగట్లమీద, ఊరిబయట వేపచెట్ల క్రింద వీరగల్లులు ఒరిగిపడి, వర్షమునకు కరగుచు, కొన్నిచోట్ల బట్టలుతుకు బండలైనవి. ఊరికొఱకు ప్రాణమిచ్చినవారి గుర్తు లవి. 1972 నాటి చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన శిల్పము పురావస్తువు. కావున దానిని ఎవ్వరును తమంత కదలింపక పురావస్తుశాఖకు తెలిపి, అనుమతితో నిలువబెట్టి, చుట్టు ఒక చిన్న అరుగు కట్టించుడు. ఒక సిమెంటు విగ్రహమునకగు ధనముతో పది వీరగల్లులు తలలెత్తి నిలుచును.

పురపాలకులారా! చేయి చాచుటకు ముందు, ఇది మా పట్టణమునకు తగునా, దీనిని మేము నూరేండ్లు కాపాడగలమా యని ప్రశ్నించుకొనుడు. దాతలారా! ఇచ్చినపిదప అది మీది గాదు, పట్టణముది యని మనసున నిశ్చయించుకొని ఇండు. ఈ రెండును కుదిరిననాడు మన కూడళ్లలో నిలుచునవి రాళ్లు గావు, మన ఊళ్ల మర్యాదలు.