గన్నారెడ్డి మీద పడి ఏడుస్తారెందుకు?

అడివి బాపిరాజు ‘గోన గన్నారెడ్డి’ గురించి పదిమందిని కూర్చోబెట్టి అడిగి చూడండి. నలుగురు చేతులెత్తి మొక్కుతారు. నలుగురు ‘అబ్బే, అదంతా కట్టుకథ, చరిత్రలో అలా లేదు’ అని కొట్టిపారేస్తారు. మిగిలిన ఇద్దరూ సినిమా చూశామంటారు.

అభిప్రాయాలు తలో రకంగా ఉన్నందుకు నాకు బాధ లేదు. అందరికీ ఒకేలా నచ్చిన పుస్తకం ఏదైనా ఉంటే దాన్ని నేను అనుమానంగానే చూస్తాను. నా కోపమల్లా ఒక్కటే. ఈ మెచ్చుకునేవాళ్లూ తిట్టేవాళ్లూ కలిసి నవల గురించి తప్ప అన్నిటి గురించీ మాట్లాడతారు. ఒకాయన శాసనాలు తీస్తాడు. ఒకాయన కులం తీస్తాడు. ఇంకొకాయన జిల్లా ఏదో అడుగుతాడు. పాపం ఆ పుస్తకాన్ని ‘ఎలా ఉన్నావు’ అని పలకరించేవాడే లేడు.

కథ ఎక్కడ మొదలవుతుందో గుర్తు చేస్తాను. వర్ధమానపురం ఏలే లకుమయారెడ్డి కొడుకు వరదారెడ్డికి, ఆదవాని ప్రభువు కోటారెడ్డి కూతురు అన్నాంబికకు పెళ్లి. పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకును గన్నారెడ్డి ఎత్తుకుపోతాడు. పెళ్లికూతుర్ని ఎత్తుకుపోయే కథలు మనకు రుక్మిణి నాటి నుంచీ బోలెడు. పెళ్లికొడుకును ఎత్తుకుపోవడమేమిటి? ఆ తమాషా దగ్గరే బాపిరాజు పాఠకుడి చెయ్యి పట్టుకుంటాడు. ఆ పెళ్లి ఇష్టంలేని పిల్ల తన దారి తాను చూసుకుంటుంది. గజదొంగ అనిపించుకున్నవాడు లోలోపల కాకతీయ సింహాసనానికి కాపలా కాస్తుంటాడు. మగవేషంలో పెరిగిన రుద్రమ ఒకవైపు సామంతుల తిరుగుబాట్లను, మరోవైపు తన మనసును అదుపు చేసుకుంటూ ఉంటుంది.

ఇప్పుడు శాసనాల పెద్దమనుషులొస్తారు. ‘గోన గన్నారెడ్డి నిజంగా ఉన్నాడు, కానీ దొంగ కాదు, కాకతీయుల కింద అధికారి. 1294లో రాయచూరు కోట గోడలో ఆయన పేరుతో శాసనం ఉంది. అప్పటికి గద్దె మీద ఉన్నది ప్రతాపరుద్రుడు. అలాంటివాణ్ని రుద్రమ తొలినాళ్లలో కుర్రవాడిగా పెట్టి ప్రేమకథ నడపడమేమిటి?’ ఇదీ వరస.

సరే, ఆ శాసనమే చూద్దాం. రాయచూరు కోట గోడలో నలభై ఒక్క అడుగులు దాటిన పొడవున్న ఒకే ఒక్క రాతిపలక మీద ఉంది అది. గన్నారెడ్డి ఆజ్ఞతో విఠలనాథుడు ఆదవాని, తుంబళ, మానువ, హాలువ కోటలు పట్టి, తర్వాత రాయచూరులో కోట కట్టించాడని చెబుతుంది. అంత బండను బండి మీద పశువుల బారు కట్టి ఎలా లాక్కొచ్చారో తెలిపే బొమ్మ కూడా అక్కడ చెక్కి ఉంది. చూడండి, రాయి ప్రయాణానికి బొమ్మ ఉంది. ఆ రాయి తెప్పించినవాడు ఎవరిని ప్రేమించాడో, ఎవరి కోసం నిద్ర మానుకున్నాడో చెప్పడానికి ఒక్క అక్షరం లేదు. ఉండదు కూడా. శాసనం పని అది కాదు. దానం ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఎవరి పుణ్యం కోసం ఇచ్చారు, ఇవి చెప్పి ఊరుకుంటుంది. ఆ శాసనంలో పట్టుబడిన కోటల పేర్లలో ఒకటైన ఆదవాని, నవలలో ఒక ఆడపిల్ల పుట్టిల్లయింది. నవలాకారుడు చేసేది సరిగ్గా ఇదే. రాతి మీది కోట పేరులోకి మనిషిని తెచ్చి నిలబెడతాడు. దీన్ని తప్పంటే ఇక నవల రాయడమే తప్పనాలి.

పైగా వీళ్లు కొలబద్దగా పట్టుకున్న చరిత్ర ఏమన్నా కదలకుండా కూర్చుందా? రుద్రమదేవి 1295 ప్రాంతం దాకా ఏలిందని చాలాకాలం పుస్తకాల్లో చదువుకున్నాం. నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం వెలుగులోకి వచ్చాక 1289 నాటికే ఆమె చనిపోయిందని తేలింది. సేనాని మల్లికార్జున నాయకుడితో పాటు ఆమెకు పుణ్యం కలగాలని ఇచ్చిన దానం అది. అది బయటపడేసరికి బాపిరాజు పోయి చాలా ఏళ్లయింది, ఆయన 1952లోనే కన్నుమూశాడు. ఇంకా వెనక్కి వెళ్తే ‘ప్రతాపరుద్ర చరిత్రము’ రుద్రమను గణపతిదేవుడి భార్యను చేసి కూర్చోబెట్టింది. కూతుర్ని భార్య అన్న గ్రంథాన్ని చరిత్రకు ఆధారాల జాబితాలో దర్జాగా ఉంచారు. కూతుర్ని కూతురిగానే ఉంచి, ఆమెకు చాళుక్య వీరభద్రుడి మీద ప్రేమ ఉందని రాసిన నవల మాత్రం కట్టుకథ అయింది!

మార్కో పోలో సంగతి ఇంకా బాగుంటుంది. మోటుపల్లి రాజ్యం గురించి రాస్తూ, అక్కడి రాణి చనిపోయిన భర్త మీది ప్రేమకొద్దీ మారుమనువు చేసుకోకుండా నలభై ఏళ్లు న్యాయంగా ఏలిందని రాసుకున్నాడాయన. ఆ రాణి రుద్రమే అని మన చరిత్రకారులు చెబుతారు. అంటే ఆమె మీద మొదటి చారిత్రక ప్రేమకథ అల్లింది పదమూడో శతాబ్దపు వెనిస్ వర్తకుడు. ఆయన మాటల్లో వజ్రాల సంగతి, సన్నబట్టల సంగతి మనం పాఠాల్లో పెట్టుకున్నాం. ప్రేమ దగ్గరికి వచ్చేసరికి మర్యాదగా పక్కకు తప్పుకున్నాం.

అసలు చిక్కంతా ఆ ‘ప్రేమ’ దగ్గరే ఉంది. తేదీలు, శాసనాలు వట్టి సాకులు. చారిత్రక నవల అంటే గౌరవం, అందులో ప్రేమకథ ఉందనగానే ఒక వెకిలి నవ్వు. ‘ఆడవాళ్లు మధ్యాహ్నం పడుకుని చదువుకునే పుస్తకమండీ’ అన్న మాట నేను చాలా గొంతుల్లో విన్నాను, అందులో పేరు మోసిన గొంతులూ ఉన్నాయి. అయ్యా, ఆ ఆడవాళ్లే గ్రంథాలయాల నుంచి ఈ పుస్తకాల్ని అట్టలు ఊడేదాకా ఇళ్లకు తీసుకెళ్లి చదివారు. వాళ్లు చదవకపోతే తెలుగు నవల ఎప్పుడో అటకెక్కేది. కాళిదాసు శాకుంతలానికి కన్నీళ్లు పెట్టుకుంటారే, భారతంలోని శకుంతల కథలో ఉంగరం ఎక్కడుంది? దుర్వాసుడి శాపం ఎక్కడుంది? మార్కండేయ పురాణంలో కొద్ది శ్లోకాల్లో ఉన్న ప్రవరుడి కథను పెద్దన ఒక ప్రబంధం చేస్తే ఆయన్ను ఆంధ్రకవితా పితామహుడన్నాం. వాళ్లను ఎవరూ ఆధారాలు అడగలేదు. సంస్కృతంలో, పద్యంలో ఉన్న శృంగారానికి సభల్లో శాలువా కప్పుతాం. వచనంలో, అందరికీ అర్థమయ్యే తెలుగులో ఉన్న ప్రేమకు మాత్రం సాక్ష్యాలు కావాలి. ఇదేం న్యాయం?

ఈ నవలలో ప్రేమను తీసి పక్కన పెడితే ఏం మిగులుతుందో ఎవరైనా ఆలోచించారా? రుద్రమను శాసనాలు చాలాచోట్ల ‘రుద్రదేవ మహారాజు’ అనే పిలిచాయి. మగపేరు, మగబిరుదు. చరిత్రకారుడు ఈ సంగతి చెప్పి, ఆడది ఏలడాన్ని సామంతులు ఒప్పుకోకపోవడమే కారణమని ఒక వాక్యం రాసి ముందుకు వెళ్లిపోతాడు. వెళ్లక తప్పదు, ఆయన దగ్గర అంతే ఉంది. కానీ ఆ మగపేరు మోసిన మనిషికి అది ఎంత బరువైంది? అద్దం ముందు ఒంటరిగా నిలబడినప్పుడు ఆమె ఎవరు? ఒక మగవాణ్ని చూసి మనసు కదిలితే ఆ కదలికను రాజముద్ర కింద ఎలా దాచింది? ఇవి అడగడానికి బాపిరాజుకు ప్రేమకథే దారి అయింది. అన్నాంబిక సంగతీ అంతే. ఎవరికో కట్టబెట్టబోయిన పెళ్లి పెటాకులై, ఆమె తన ఇష్టాన్ని తానే వెతుక్కోవడానికి బయల్దేరుతుంది. గద్దె మీద ఆడది కూర్చోవచ్చా అన్న పెద్ద ప్రశ్న, పెళ్లిపీట మీద ఆడపిల్లకు నోరుందా అన్న చిన్న ప్రశ్నతో ముడిపడింది. దాన్ని వట్టి శృంగారమని చదివినవాడు పుస్తకం సగమే చదివాడు.

ఇక కులం. గన్నారెడ్డి ‘మావాడే’ అని ఒక వర్గం భుజాలు చరుచుకుంటుంది, కాకతీయులు ‘మావాళ్లే’ అని మరొకరు. కాకతీయుల శాసనాలు ఎక్కువ చోట్ల తమను నాలుగో వర్ణం వాళ్లమనే చెప్పుకున్నాయి. ఒకటి రెండు చోట్ల సూర్యవంశమన్నాయి. ఆనాటి ‘రెడ్డి’లో ఊరి పెద్దరికం అన్న అర్థం కూడా ఉంది. ఈనాటి సంఘాల సభ్యత్వ పుస్తకంలో ఆనాటివాళ్ల పేర్లు ఎక్కించడానికి నవలను వాడుకోవడం సిగ్గుచేటు. వీళ్ల మెచ్చుకోలు కంటే శాసనాలవాళ్ల తిట్లే నయం, వాళ్లు కనీసం చదివి తిడతారు.

ప్రాంతం మాట వేరు. భీమవరంలో పుట్టి, 1940లలో హైదరాబాదులో ‘మీజాన్’ పత్రికకు సంపాదకుడిగా పనిచేసిన మనిషి ఓరుగల్లును రాశాడు. ఆ ఓరుగల్లు మనుషుల నోట ఓరుగల్లు పలుకుబడి వినపడదు, ఆంధ్ర వైభవమనే ఆనాటి కల మాత్రం గట్టిగా వినపడుతుంది. ఈ ఫిర్యాదు తెలంగాణ పాఠకులు చేస్తే నేను తల ఊపుతాను, అది నవలను చదివి చేసే ఫిర్యాదు కనుక. 2015లో గుణశేఖర్ ‘రుద్రమదేవి’ తీసి, అల్లు అర్జున్ గన్నారెడ్డి చేత తెలంగాణ యాసలో ‘గమ్మునుండవోయ్’ అనిపిస్తే థియేటర్లలో ఈలలు ఊరికే పడలేదు. డెబ్బై ఏళ్ల లోటు ఒక్క మాటతో కాస్త తీరింది. అయితే ఆ ఈలలు వేసినవాళ్లలో చాలామంది ఇప్పుడు గన్నారెడ్డి నిజంగా బందిపోటేననీ, అలాగే మాట్లాడేవాడనీ వాదనకు దిగుతారు. ఇది రెండో చివర. నవలను చరిత్ర కాదని తన్నేవాడూ, నవలే చరిత్రని నెత్తిన పెట్టుకునేవాడూ నాకు అన్నదమ్ముల్లా కనిపిస్తారు. బడిలో పిల్లలకు ఈ కథను చరిత్రపాఠంగా చెప్పే మాస్టార్లకు నేను చేతులు జోడించి ఆపండి అంటాను.

మరి నవలలో లోపాలు లేవా? ఎందుకు లేవు, కావలసినన్ని ఉన్నాయి. బాపిరాజు చిత్రకారుడు. రాజమండ్రిలో కూల్డ్రే దొర చేతిలో తీర్చిదిద్దుకున్నవాడు, బందరు జాతీయ కళాశాలకు పెద్దగా ఉన్నవాడు, సినిమాలకు కళాదర్శకత్వం చేసినవాడు. ఆ కుంచె ఆయన్ను ఆగనివ్వదు. ఒక రాకుమారి గదిలోకి రావాలంటే ముందు ఆమె హారాలు, కేయూరాలు, మేఖల, పట్టువస్త్రపు అంచు, అన్నీ వరసగా వస్తాయి, చివరికి ఎప్పుడో రాకుమారి వస్తుంది. అప్పటికి నాలాంటివాడు రెండు పేజీలు ముందుకు దూకేసి ఉంటాడు. ఆయన లోకంలో అందవిహీనులు దొరకరు. మంచివాళ్లంతా మెరిసిపోతుంటారు. గన్నారెడ్డి ఓడిపోతాడేమోనన్న భయం నాకు ఒక్క పుటలోనూ కలగలేదు. ఓడిపోని వీరుడితో ఎంతసేపని ప్రయాణం చేస్తాం? రాబిన్ హుడ్ వాసన కొడుతుందన్న మాటలోనూ నిజముంది. అన్నిటికంటే నాకు గుచ్చుకునేది మరొకటి. కాకతీయుల కాలమంటే చెరువుల కాలం. ఆ చెరువు కట్ట మీద మట్టి మోసినవాడు ఈ నవలలో నాకు ఎదురుపడలేదు. కోటలో దీపాలు వెలుగుతూనే ఉంటాయి, నూనె పోసే చెయ్యి కనిపించదు. విమర్శించేవాళ్లు ఇక్కడ విమర్శించండి. గట్టిగా విమర్శించండి, నేనూ గొంతు కలుపుతాను. నోరి నరసింహశాస్త్రి ‘రుద్రమదేవి’ పక్కన పెట్టి ఇదే కాలాన్ని ఇద్దరు ఎలా చూశారో పోల్చండి. అంతేకానీ, 1294 శాసనం చేతబట్టుకుని కోడిగుడ్డు మీద ఈకలు పీకడం మానండి.

వర్ణనల దగ్గర విసుగుపుట్టి యాభయ్యో పేజీలో పుస్తకం మూసేసి ‘నాకు ఎక్కలేదు’ అన్న పాఠకురాలి మీద నాకు ఏ పేచీ లేదు. ఆమె చదివింది, చదివి చెప్పింది. ఆమె అభిప్రాయం ముందు పండితుడి పదిపేజీల ఉపోద్ఘాతం నాకు దిగదుడుపే.

చివరగా ఈ నవలను మళ్లీ మళ్లీ అచ్చువేసే ప్రచురణకర్తలకు ఒక మనవి. అట్ట మీద కత్తి పట్టిన వీరుడి బొమ్మ వేసి, వెనక అట్ట మీద నాలుగు పొగడ్తలు అచ్చువేసి చేతులు దులుపుకోకండి. పుస్తకం చివర ఒక నాలుగు పేజీలు కేటాయించండి. ఏ పేర్లు శాసనాల్లో ఉన్నాయి, ఏవి బాపిరాజు కల్పన, రాయచూరు శాసనం ఏం చెబుతోంది, ఈ నవల అచ్చయ్యాక చందుపట్లలో ఏం బయటపడింది, ఇవి ఒక చరిత్ర అధ్యాపకుడి చేత సూటిగా రాయించి జోడించండి. కాగితం ఖర్చు మీకు పెద్దగా పెరగదు.