వాకిట్లో మనిషి

హిందూపురం వైపు నుంచి విదురాశ్వత్థ, గౌరిబిదనూరు మీదుగా బెంగళూరు వెళ్లే పొద్దుటి రైల్లో కొందరి చేతుల్లో ప్లాస్టిక్ కవరు కనిపిస్తుంది. లోపల పహణీ నకలు, ఆధార్ జిరాక్సు, మడతలు పడిన అర్జీ. ఎక్కడికని అడిగితే "విధానసౌధకు" అంటారు. ఆ మాటలో కాస్త ఆశ, కాస్త బెరుకు.

మంత్రిగారు దొరుకుతారో లేదో తర్వాతి సంగతి. వాళ్లకు సర్కారు మొదట ఎదురయ్యేది గేటు దగ్గర నిలబడిన పోలీసాయన రూపంలో. "ఏం పెద్దాయనా, ఎవర్ని చూడాల?" అని ఆయన అడిగితే సగం పని అయినంత ధైర్యం వస్తుంది. "పాసుందా? లేకుంటే పక్కకు జరుగు" అంటే, లోపలికి అడుగు పెట్టకముందే ప్రాణం ఉసూరుమంటుంది.

చట్టసభల్లో తరచూ రెండు మాటలు వినిపిస్తుంటాయి. సామాన్యుడు లోపలికి రావడం కష్టమైపోతోందని ఒకరంటారు. కాపలా సిబ్బందికి సెలవుల్లేవు, సరైన బస లేదు అని మరొకరంటారు. వింటే రెండూ వేర్వేరు సంగతుల్లా తోస్తాయి. నాకు మాత్రం అవి ఒకే ఇంటి కష్టసుఖాల్లా అనిపిస్తాయి.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. వాకిట్లో అడ్డు నిలిచినవాడి మీద జనానికి కోపం ఈనాటిది కాదు. వైకుంఠంలో జయవిజయుల కథా అలాంటిదే. సనకాది మునులను ఆపారు, శాపం తగిలింది. పోతన భాగవతంలో ఆ కథ విన్నవాళ్లకు మునుల కోపం గుర్తుండిపోతుంది. ఆ ఇద్దరిదీ కాపలా కొలువే అన్న సంగతి అంతగా తట్టదు. నాకు ఆ కథలో ఇష్టమైన చోటు వేరే ఉంది. గొడవ విని విష్ణుమూర్తి తానే వాకిలి దాకా నడిచి వస్తాడు. బంట్లు చేసిన తప్పు తనదేనని మునులతో అంటాడు. వాకిట్లో జరిగినదానికి లోపలున్నవాడే పూచీ పడటం ఎంత పెద్ద మర్యాద!

విధానసౌధకు 1951 జులై 13న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ముఖ్యమంత్రిగా కెంగల్ హనుమంతయ్య పట్టుబట్టి కట్టించిన ఆ రాతి కట్టడం 1956లో పూర్తయింది. సర్కారు పని దేవుడి పని అని దాని నుదుట చెక్కించారు. ఆ ముందు మెట్ల దాకా తీరిగ్గా నడిచి వెళ్లిన రోజులను పాతతరంవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు. ఆ తర్వాత కంచెలు వచ్చాయి, తనిఖీలు వచ్చాయి. 2025లో టికెట్టు మీద లోపల చూపించడం మొదలుపెడితే పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లినవాళ్లు ఎందరో. మన ఇల్లే కదా, ఒకసారి చూసొద్దామన్న ఉబలాటం జనంలో ఏనాడూ పోలేదు.

కంచెలు ఊరికే రాలేదు. 2001 డిసెంబర్ 13న పార్లమెంటు మీద దాడి జరిగినప్పుడు, అనుమానం వచ్చి ముందుగా అరిచి అందర్నీ హెచ్చరించింది గేటు దగ్గర డ్యూటీలో ఉన్న కమలేశ్ కుమారి. సీఆర్పీఎఫ్ కానిస్టేబుల్. ఆమె చేతిలో తుపాకి లేదు, వైర్‌లెస్ సెట్టు మాత్రమే ఉంది. ఆమెకు చనిపోయాక అశోకచక్ర ఇచ్చారు. ఆ రోజు భద్రతా సిబ్బంది ఎనిమిది మంది, ఒక తోటమాలి ప్రాణాలు విడిచారు. లోపలున్న సభ్యుల్లో ఒక్కరికీ ఏమీ కాలేదు. సరిగ్గా 22 ఏళ్లకు, 2023లో అదే తేదీన, సందర్శకుల గ్యాలరీలోంచి ఇద్దరు యువకులు లోక్‌సభలోకి దూకి రంగు పొగ వదిలారు. ఎక్కడో ఒకచోట ఇలా జరిగిన ప్రతిసారీ ఊళ్లనుంచి వచ్చేవాళ్లకు దారి ఇంకొంచెం ఇరుకవుతుంది. కాపలా ఉన్నవాళ్ల భుజాల మీద బరువు ఇంకొంచెం పెరుగుతుంది.

ఆ కాపలా మనిషి ఎవరని కాస్త దగ్గరగా చూస్తే, మన బాగేపల్లి, చింతామణి పక్క పల్లెల కుర్రాడే కావచ్చు. ఇంట్లో తెలుగు, స్టేషన్‌లో కన్నడ. మన జాతరకు బందోబస్తుకొస్తాడు, తన ఊరి జాతరనాడు ఇంకెక్కడో ఉంటాడు. ఏటా చలికాలంలో బెళగావి సువర్ణసౌధలో చట్టసభ సమావేశాలంటే ఐదొందల కిలోమీటర్ల దూరం వెళ్లాలి. అక్కడ పడక ఎక్కడో, వేడినీళ్లు దొరుకుతాయో లేదో ఇంట్లోవాళ్లకు బెంగ. ఫోన్లో పిల్ల "నాయనా, ఎప్పుడొస్తావు?" అని అడిగితే, చెప్పడానికి అతని దగ్గర తేదీ ఉండదు.

టోపీ సంగతే చూడండి. కర్ణాటక కానిస్టేబుళ్లు దశాబ్దాలుగా ఒక పక్క అంచు మడిచిన వెడల్పాటి టోపీ పెట్టుకునేవారు. ఎండలో ఉక్కపోత. తోపులాట వస్తే ఊడి పడేది. మార్చమని ఎన్నాళ్లుగానో అడుగుతూ వచ్చారు. 2025 అక్టోబర్‌లో ముఖ్యమంత్రి సిద్ధరామయ్య చేతుల మీదుగా, తెలంగాణ పోలీసుల టోపీలాంటి కొత్త టోపీలు అందాయి. చూసేవాళ్లకు చిన్న విషయం. రోజంతా నడినెత్తిన మోసేవాడికి చిన్నది కాదు. మన అవస్థ ఎవరికో పట్టిందన్న తృప్తి ఉంటుందే, అది ఎండపూట చాలా దూరం నడిపిస్తుంది.

ఈ సంగతులన్నీ విదురాశ్వత్థలో నిలబడి తలుచుకుంటే మనసు బరువెక్కుతుంది. 1938 ఏప్రిల్ 25న ఇక్కడి గుడి పక్క తోటలో జనం చేరారు. మైసూరు సంస్థానంలో కాంగ్రెస్ జెండా మీద, సభల మీద నిషేధం ఉన్న రోజులు. పోలీసు కాల్పుల్లో 32 మంది పోయారని ఊరు చెప్పుకుంటుంది. ఆ రోజు ఒకవైపు తుపాకులు, ఒకవైపు ఒట్టి చేతులు. మధ్యలో మాట నడిచే సందే లేకపోయింది. ఆ మరుసటి నెలలోనే సర్దార్ పటేల్, ఆచార్య కృపలానీ వచ్చి దివాన్ మీర్జా ఇస్మాయిల్‌తో కూర్చున్నారు. సంస్థానం జెండా పక్కన కాంగ్రెస్ జెండా కూడా ఎగరొచ్చని ఒప్పందం కుదిరింది. కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయే సంగతికి అన్ని ప్రాణాలు పోయాయని తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఊరి పేరులోనే విదురుడున్నాడు. ఆయన నాటిందని చెప్పుకునే అశ్వత్థం 2001లో కూలిపోయింది. నాగశిలలు, మొక్కుబళ్లు, మహాభారతం నాటి ఆ పెద్దమనిషి తలపు మిగిలాయి. కౌరవసభలో కూర్చున్న మంత్రి ఆయన. రాయబారానికి వచ్చిన కృష్ణుడు దుర్యోధనుడి విందు కాదని విదురుడి ఇంటికే వెళ్లాడు. అక్కడ చనువుంది, ఆప్యాయత ఉంది.

అలాంటి ఇల్లు ఈ గౌరిబిదనూరు తాలూకా మనిషి ఒకరికి ఈ కాలంలోనూ ఉండేది. హోసూరులో 1920లో పుట్టిన హెచ్.నరసింహయ్య చదువు కోసం బెంగళూరుకు కాలినడకన వెళ్లారు. బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్ అయ్యారు. అయినా బతుకులో ఎక్కువ కాలం బసవనగుడి నేషనల్ కాలేజీ హాస్టల్లో ఒక చిన్న గదిలోనే గడిపారు.

అందరూ అలా చిన్న గదిలో బతకలేరు. పెద్ద సౌధానికి కాపలా ఉండక తప్పదు, తనిఖీ తప్పదు. అయినా తనిఖీ చేసే చేయి మర్యాదగా ఉండొచ్చు. తెల్లవారుజాము నుంచి కాళ్లు పీకేలా నిలబడ్డ మనిషిని ఓపికగా మాట్లాడమంటే ఎక్కడినుంచి తెస్తాడు? కడుపునిండా తిండి, కంటినిండా నిద్ర, పండగకు ఇంటికెళ్లే వీలు ఉన్నవాడి నోట "రండి" అన్న మాట తనంతట తనే వస్తుంది.

అందుకే సభలో ఒకరు జనం గురించి, మరొకరు పోలీసుల గురించి మాట్లాడినప్పుడు, ఇద్దరూ ఒకరి మాట ఒకరు శ్రద్ధగా వింటే బాగుండుననిపిస్తుంది. సర్కారు మంచితనం పల్లెవాడికి తెలిసేది గేటు దగ్గర ఒక మనిషి తనతో మాట్లాడిన తీరులో. ఆ మాట మెత్తగా రావాలంటే, మాట్లాడే మనిషిని కూడా ఎవరో ఒకరు అంతే మెత్తగా చూసుకుంటుండాలి.